రొమేరోను పటం కట్టి వదిలేయకండి: తెలుగు మేత్రాణులకు ఒక బహిరంగ లేఖ

తెలుగు కతోలిక మేత్రాణుల సమాఖ్యలోని మహాపూజ్య అగ్రపీఠాధిపతులకు, మేత్రాణులకు,

క్రీస్తునందు వందనాలు.

ఏటా మార్చి 24న కతోలిక శ్రీసభ, ఎల్ సాల్వడోర్ దేశంలో 1980లో పూజ చేస్తుండగా హత్యకు గురైన అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్పు) పునీత ఆస్కార్ రొమేరోను స్మరిస్తుంది. ఆ తేదీ దాదాపు ఎప్పుడూ తపస్సుకాలంలోనే పడుతుంది, పైగా మర్నాడే మంగళవార్త పండుగ. అందువల్ల మన విచారణల్లో, అంటే పారిష్ గుడుల్లో, ఆయన పేరు ఒక చిన్న ప్రార్థనలో కలిసిపోవడం, చాలాచోట్ల అదీ లేకపోవడం మామూలైపోయింది. 2018 అక్టోబరు 14న ఫ్రాన్సిస్ పోపుగారు ఆయనను పునీతుడిగా ప్రకటించినప్పుడు మన పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి, కొన్ని గుడులలో ఆయన పటాలు వెలిశాయి. ఆ పటాల దగ్గరే మనం ఆగిపోయామన్నది నా ఫిర్యాదు.

నేను హైదరాబాదు కోర్టుల్లో పనిచేసే న్యాయవాదిని, ఈ అగ్రపీఠపు విశ్వాసిని. అడగదలచుకున్నది ముందే చెబుతాను. రాబోయే మార్చి 24లోగా ప్రతి మేత్రాసనంలో, అంటే ఒక్కో బిషప్పు పాలించే పీఠంలో, పేదలకోసం ఒక న్యాయ సహాయ కార్యాలయం తెరవండి. ఆ కార్యాలయం విచారించి నిర్ధారించుకున్న అన్యాయాలను, బాధితులు ఒప్పుకున్న మేరకు, ఆదివారం దివ్యపూజలో పేర్లతో సహా చదివించండి. ఈ రెండూ నేను కల్పించినవి కావు. సాన్ సాల్వడోర్ అగ్రపీఠాధిపతిగా ఉన్న మూడేళ్లూ రొమేరో వారం తప్పకుండా చేసిన పనులివి. ఆయనను చంపినవారికి కంటగింపైనది కూడా ఈ పనులే.

మన ధ్యానకూటాల్లో, యువజన శిబిరాల్లో రొమేరో కథ చెప్పే పద్ధతి ఒకటుంది. పుస్తకాలు తప్ప లోకం తెలియని, పెద్దమనుషులకు ఎదురు చెప్పని ఒక అగ్రపీఠాధిపతి తన స్నేహితుడైన ఒక గురువు (ఫాదరు) శవం ముందు ఒక రాత్రి నిలబడ్డాడనీ, తెల్లవారేసరికి మరో మనిషి అయ్యాడనీ చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ అందులో ఒక సౌకర్యం దాగి ఉంది. మనకూ అలాంటి రాత్రి ఒకటి వచ్చేదాకా ఏమీ చేయనక్కరలేదని ఆ కథ మనల్ని ఊరడిస్తుంది. నిజంగా జరిగింది అంత తేలిక కాదు, అంత హఠాత్తుగానూ జరగలేదు.

రొమేరో 1917 ఆగస్టు 15న ఎల్ సాల్వడోర్ తూర్పు కొండల్లోని సియుదాద్ బారియోస్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. తండ్రి టెలిగ్రాఫ్ ఉద్యోగి. పిల్లవాడిని కొంతకాలం వడ్రంగి పనిలో పెట్టి, తర్వాత గురువిద్యాలయానికి పంపారు. రోములో చదువు ముగించుకుని 1942లో అక్కడే గురుపట్టం పొందారు, తిరిగివచ్చి సాన్ మిగేల్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. కాఫీ తోటల మీద బతికే చిన్న దేశమది. భూమి కొద్ది కుటుంబాల చేతుల్లో ఉండేది. 1932లో తిరగబడిన రైతుకూలీలను, ఆదివాసీలను వేల సంఖ్యలో సైన్యం ఊచకోత కోసింది. దొరల గడీలు, వెట్టిచాకిరి, రజాకార్ల రోజులు ఇళ్లలో కథలుగా విన్న మనకు ఈ నేపథ్యం విడమరిచి చెప్పనక్కరలేదు.

1974లో ఆయన సాంతియాగో దె మరియా మేత్రాణులయ్యారు. అది కాఫీ పండే ప్రాంతం. కోతల కాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే కూలీలు రాత్రిళ్లు చలిలో బజారు కూడలిలో నేలమీద పడుకోవడం ఆయన చూశారు. మేత్రాసనానికి చెందిన కట్టడం తలుపులు తెరిపించి వారికి పడక చూపించారు. వారి మాటలు విన్నకొద్దీ, వారికి న్యాయంగా రావలసిన కూలి రావడం లేదని తెలిసింది. 1975 జూన్‌లో త్రెస్ కాయెస్ అనే పల్లెలో జాతీయ గార్డు దళం అర్ధరాత్రి ఇళ్లలో చొరబడి రైతుకూలీలను చంపింది. రొమేరో ఆ కుటుంబాల దగ్గరికి వెళ్లి ఓదార్చారు, దేశాధ్యక్షుడికి ఘాటైన ఉత్తరం రాశారు. కానీ ఆ ఉత్తరాన్ని బయటపెట్టలేదు. అధ్యక్షుడు తనకు తెలిసినవాడే కదా, లోపల లోపల చెబితే వింటాడని నమ్మారు. ఏమీ జరగలేదు. నా దృష్టిలో రొమేరో జీవితంలో మీరు అన్నిటికన్నా ఎక్కువగా ధ్యానించవలసిన ఘట్టం ఈ గోప్యమైన ఉత్తరమే. ఎందుకంటే మన పీఠాలు ప్రభుత్వాలతో మాట్లాడే పద్ధతి నేటికీ చాలావరకు అదే. ఒక వినతిపత్రం, ఒక ఫొటో, ఒక హామీ, ఆ తర్వాత మౌనం.

1977 ఫిబ్రవరి 22న ఆయన సాన్ సాల్వడోర్ అగ్రపీఠాన్ని అధిష్ఠించినప్పుడు భూస్వాములు సంతోషించారు, పేదల మధ్య పనిచేసే గురువులు నీరుగారిపోయారు. మూడు వారాలు తిరక్కుండానే, మార్చి 12న, చెరకు తోటల ప్రాంతమైన అగిలారెస్‌లో పనిచేస్తున్న యేసుసభ గురువు రుతిలియో గ్రాందే, పూజ చేయడానికి ఎల్ పైస్నాల్ అనే ఊరికి బండిలో వెళ్తుండగా దారిలో కాల్చి చంపబడ్డారు. ఆయనతోపాటు 72 ఏళ్ల మాన్యుయేల్ సొలోర్సానో, 16 ఏళ్ల నెల్సన్ రుతిలియో లేముస్ కూడా చనిపోయారు. రొమేరో ఆ రాత్రే అగిలారెస్ చేరుకున్నారు. కథకులు ఇక్కడ ఆగి కన్నీళ్ల గురించి చెబుతారు. నేను తర్వాతి పది రోజుల గురించి చెప్పదలచుకున్నాను.

ఆయన తన గురువులను పిలిచి గంటల తరబడి సమావేశపరిచారు, అందరి మాటా విన్నారు. అగ్రపీఠపు బడులను మూడు రోజులు మూయించి, పిల్లలకు ఈ హత్య గురించి ఇంట్లో ఆలోచించమని చెప్పించారు. పిల్లలను ఆ బడుల్లో చదివించే కలవారి కుటుంబాలకు అది మింగుడుపడలేదు. మార్చి 20 ఆదివారం నాడు అగ్రపీఠం మొత్తంలో ఎక్కడా పూజ ఉండదని, అందరికీ కలిపి ప్రధాన దేవాలయం ముందు ఒకే ఒక్క పూజ ఉంటుందని ప్రకటించారు. పోపుగారి రాయబారి వద్దన్నా వెనక్కి తగ్గలేదు. హత్యల మీద నిజమైన విచారణ జరిగేదాకా ప్రభుత్వ వేడుకల్లో దేనికీ హాజరు కానని చెప్పారు. జులై 1న కొత్త అధ్యక్షుడి ప్రమాణస్వీకారానికి సైతం వెళ్లలేదు. ఇవి ఆవేశంలో తీసుకున్న నిర్ణయాలని నేననుకోను. ఒక అగ్రపీఠాధిపతి చేతిలో ఏమేం ఉంటాయో, అంటే బడులు, ఆదివారం పూజ, సింహాసనం పక్కన వేసే కుర్చీ, వాటన్నిటినీ లెక్కబెట్టి ఒక్కొక్కదాన్నీ పేదల పక్షాన వాడుకున్న పాలనాదక్షత అది.

మన దగ్గరా బడులున్నాయి. హైదరాబాదులో మన బడుల్లో సీటు కోసం తల్లిదండ్రులు పడే పాట్లు, సిఫారసుల కోసం నాయకులు చేసే ఫోన్లు మీకు తెలియనివి కావు. ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వం ఇచ్చే క్రిస్మస్ విందులో ముందు వరస కుర్చీలూ ఉన్నాయి. విందుకు వెళ్లవద్దని నేననడం లేదు, ఇరుగుపొరుగు మర్యాద ఒకటుంటుంది. కానీ అక్కడికి వెళ్లే సంవత్సరంలో మురుగు కాలువలో ఊపిరాడక చనిపోయిన కార్మికుల కేసులు ఎంతవరకు వచ్చాయని వేదిక మీదే అడగగలరా? అడగలేనప్పుడు ఆ ఒక్క ఏడాదికి రాలేమని మర్యాదగా జవాబు రాయగలరా? రొమేరో చేసింది అంతకు మించి కాదు.

ఇక ఆదివారం ప్రసంగాల సంగతి. ప్రధాన దేవాలయంలో రొమేరో చెప్పే ప్రసంగం గంట దాటేది, ఒక్కోసారి గంటన్నర అయ్యేది. మొదట ఆ రోజు సువిశేష పఠనాల మీద లోతైన వివరణ ఉండేది. ఆ తర్వాత పీఠంలోని సంగతులు, ఏ విచారణలో పండుగ, ఏ మఠకన్యకు జబ్బు, ఎవరికి కొత్త బాధ్యతలు వంటివి. చివరగా ఆ వారం దేశంలో జరిగినవి: ఎవరిని పట్టుకెళ్లారు, ఎవరి శవం ఏ రోడ్డు పక్కన దొరికింది, ఏ తల్లి తన కొడుకు కోసం పీఠం కార్యాలయానికి వచ్చింది. అన్నీ పేర్లతో, ఊర్లతో, తేదీలతో. అగ్రపీఠపు రేడియో దాన్ని ప్రసారం చేస్తే ఊళ్లకు ఊళ్లు వినేవి. పత్రికలు రాయని వార్తలు దొరికే చోటు అదొక్కటే కావడంతో, విశ్వాసం లేనివారు కూడా వినేవారు. ఆ రేడియో కేంద్రాన్ని పదేపదే బాంబులతో పేల్చారు, పరికరాలు ధ్వంసమయ్యాయి, మళ్లీ నిలబెట్టారు.

ఇక్కడొక విషయం న్యాయవాదిగా నన్ను ఎంతో ఆకట్టుకుంటుంది. 1978 ఏప్రిల్ చివరి ఆదివారం ప్రసంగంలో ఆయన అమ్ముడుపోయే న్యాయమూర్తుల గురించి మాట్లాడారు. దాని మీద ఆ దేశపు సుప్రీంకోర్టు, ఆ న్యాయమూర్తులెవరో పేర్లు చెప్పమని బహిరంగంగా నిలదీసింది. పేర్లు చెబితే పరువునష్టం, చెప్పకపోతే అబద్ధాలకోరు అన్న ముద్ర, అదీ వల. రొమేరో రెండు వారాల తర్వాత జవాబిచ్చారు. వ్యక్తుల పేర్ల జోలికి పోకుండా, నిర్బంధితులను కోర్టులో హాజరుపరచమంటూ కుటుంబాలు వేసిన పిటిషన్లు ఏమయ్యాయో, రాజ్యాంగం కార్మికులకిచ్చిన హక్కులను కోర్టు ఎందుకు కాపాడలేదో వరసగా అడిగారు. ప్రశ్న కోర్టు వైపుకే తిరిగింది. ఆ జవాబు వెనుక ధైర్యం ఒక్కటే లేదు, దస్త్రాలున్నాయి. ఆ దస్త్రాలు తయారుచేసినవారు సొకొర్రో హురీదికో అనే న్యాయ సహాయ విభాగంలోని కుర్ర వకీళ్లు, న్యాయశాస్త్ర విద్యార్థులు. 1975లో యేసుసభ వారి బడిలో చిన్నగా మొదలైన ఆ విభాగాన్ని రొమేరో తన పీఠం కిందికి తెచ్చుకున్నారు. వచ్చినవారి వాంగ్మూలం రాసుకోవడం, శవాల ఫొటోలు తీయించడం, జైళ్ల చుట్టూ తిరగడం, పిటిషన్లు వేయడం వారి పని. ఆదివారం ఆయన నోటి నుంచి వచ్చే ప్రతి పేరు వెనుకా అలాంటి ఒక కాగితం ఉండేది.

హైదరాబాదులో ఇలాంటి కార్యాలయానికి పని దొరుకుతుందా అని ఎవరికైనా సందేహముంటే ఒక్క రోజు నాంపల్లి కోర్టు ఆవరణలో కూర్చోమంటాను. 2013 చట్టం చేతులతో మలమూత్రాలు ఎత్తే పనిని, రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లోకి మనుషులను దించడాన్ని నిషేధించింది. అలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. తీర్పు ఉంది, డబ్బు అడిగే దారి ఉంది. కానీ కాంట్రాక్టరు ఇంటికొచ్చి చేతిలో కొంత పెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుపోతుంటే, ఆ విధవరాలికి తీర్పు సంగతి చెప్పేవారెవరు? అలాగే పడమటి దిక్కున లేస్తున్న ముప్పై నలభై అంతస్తుల కట్టడాల్లో పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చి పనిచేసేవారు. చట్టం ప్రకారం ఏడాదిలో 90 రోజులు పనిచేసిన భవన నిర్మాణ కార్మికుడు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఆ 90 రోజుల పని రుజువు కాగితం కోసం మేస్త్రీ చుట్టూ తిరగలేక ఎంతోమంది వదిలేస్తారు, పైనుంచి పడి చనిపోయాక ఇంటివాళ్లకు దక్కేది అంబులెన్సు ఖర్చే. 1987 న్యాయసేవల చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి ఉచితంగా వకీలు దొరుకుతాడు. అయితే ఆ వకీలు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే మనిషి కావాలి. విచారణ గురువు, ఉపదేశి, మఠకన్య ఈ పనికి పుట్టినవారే. వారి వెనుక ఒక కార్యాలయం, ఒక బీరువా, ఇద్దరు ముగ్గురు నిజాయితీ గల వకీళ్లు ఉంటే చాలు. మన సాంఘిక సేవా సంస్థలు చేసే పొదుపు సంఘాల పని, వైద్య శిబిరాల పని మంచిదే, నేను కాదనను. కానీ జబ్బుకు మందిచ్చే చోటు, జబ్బు ఎవరివల్ల వచ్చిందని అడిగే చోటు వేరువేరు.

మన విశ్వాసుల విషయంలో ఈ అవసరం ఇంకా తీవ్రం. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు మాత్రం కాదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ షరతు ఎత్తేయమంది, నివేదిక అల్మారాలో ఉంది. 2022లో విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. ఈలోగా 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం స్వీకరించినవారు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేరని తీర్పునిచ్చింది. అంటే పల్లెలో కులం పేరుతో తిట్టి కొట్టినవాడికి బాధితుడు ఏ గుడికి వెళ్తాడో అనవసరం, పోలీసు స్టేషన్‌లో మాత్రం అదే మొదటి ప్రశ్న. అలాంటి బాధితుడికి ఏ సెక్షన్ల కింద ఫిర్యాదు నిలుస్తుందో, ఏ సర్టిఫికెట్టు ఎలాంటి చిక్కు తెస్తుందో చెప్పే చోటు మన పీఠాల్లో ఎక్కడుందో నాకు చూపించండి.

ఏటా ఆగస్టు 10న మనం నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని ప్రభుత్వాన్ని అడుగుతాం, అడగాలి కూడా. అయితే రాజ్యాన్ని అడిగే ప్రశ్న శ్రీసభ గడప లోపలా అడగాలి కదా. భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో వెలువరించిన దళిత సాధికారత విధానంలో, మన శ్రీసభలో అంటరానితనం, వివక్ష ఉన్నాయని ఒప్పుకుంది. ఒప్పుకోలు అయ్యాక ప్రాయశ్చిత్తం ఉండాలన్నది మనకు ఉపదేశంలో నేర్పించినదే. మన గుడుల్లో రెడ్డి, కమ్మ, మాల, మాదిగ విశ్వాసులు ఒకే పీట దగ్గర దివ్యసత్ప్రసాదం అందుకుంటారు, పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ఆ పీట గుర్తుకు రాదు. విచారణ సంఘం పదవుల పంపకంలోనూ అంతే. భారతదేశంలో తొలి దళిత అగ్రపీఠాధిపతి మారంపూడి జోజిగారు 2000లో నియమితులైంది ఈ హైదరాబాదు పీఠానికే. తొలి దళిత కార్డినల్‌గా 2022 ఆగస్టు 27న పూల అంతోనిగారిని ఫ్రాన్సిస్ పోపుగారు నియమించిందీ ఈ పీఠం నుంచే. ఈ రెండు నియామకాలకూ మనమంతా గర్వించాం. ఆ గర్వానికి తగిన పని ఒకటి ఇక్కడి నుంచే మొదలు కావాలని కోరడం అత్యాశ కాదనుకుంటాను.

రాజకీయాలు చేస్తున్నారంటారేమో అన్న భయం మీకుంటుంది. రొమేరోను సరిగ్గా అదే అన్నారు, కమ్యూనిస్టు అన్నారు. అయితే 1977 ఏప్రిల్‌లో గెరిల్లాలు విదేశాంగ మంత్రి మౌరిసియో బోర్గొనోవోను ఎత్తుకుపోయి మేలో చంపినప్పుడు ఆ అంత్యక్రియల పూజ చేసింది రొమేరోనే, ఆ హత్యను ఖండించింది రొమేరోనే. ఆ మరణానికి ప్రతీకారమంటూ మితవాద ముఠాలు అల్ఫొన్సో నవారో అనే గురువును చంపినప్పుడూ పూజ చేసింది ఆయనే. గెరిల్లాల అపహరణలను, హత్యలను ఆయన దాచిపెట్టలేదు. సైన్యం చేసే హత్యలు లెక్కకు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఆ పేర్లు ఎక్కువ చదివారు, అంతే. చదివేది నిర్ధారించిన నిజమైతే, చంపినవాడు ఎవడైనా చదివితే, పక్షపాతమన్న నింద ఎక్కువకాలం నిలవదు. మన తెలుగు నేలకు ఇది కొత్తా కాదు. 1985లో కారంచేడు నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయివచ్చిన మాదిగ కుటుంబాలకు చీరాలలో చర్చి ఆవరణే ఆశ్రయమైంది. అది మన శాఖ గుడి కాకపోవచ్చు, అందులో రాజకీయం వెతికే పని నాడు ఆ తల్లులు పెట్టుకోలేదు.

మీరంతా కలిసి చదవవలసిన అధ్యాయం మరొకటి ఉంది, కాస్త ఇబ్బందిగా ఉంటుంది. తోటి మేత్రాణుల్లో రొమేరో వైపు గట్టిగా నిలిచింది ఒక్క అర్తూరో రివేరా దమాస్. మిగతావారు ఆయన మీద రోముకు ఫిర్యాదులు పంపారు. 1979 మేలో ఆయన రెండవ జాన్ పాల్ పోపుగారిని కలిసి హత్యల దస్త్రాలు చూపించి బరువెక్కిన గుండెతో తిరిగివచ్చారు. 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు సాల్వడోర్ యాత్రికులతో మాట్లాడుతూ, రొమేరో వేదసాక్షి మరణం తుపాకీ గుండుతో ముగిసిపోలేదని, ఆ తర్వాత కూడా గురువులు, మేత్రాణులు సైతం ఆయన మీద బురద చల్లారని చెప్పారు. మన దేశంలో స్టాన్ స్వామిగారు జార్ఖండ్ ఆదివాసీ విచారణ ఖైదీల పక్షాన నిలిచి, నిర్బంధంలోనే 2021 జులై 5న ముంబయిలో కన్నుమూసినప్పుడు మనం సంతాప పూజలు చేశాం. ఆయన అరెస్టు కాకముందు, ఆయన పని ఇంకా సాగుతుండగా, మన గుడుల్లో ఎన్నిచోట్ల ఆయన పేరు వినిపించిందో గుర్తు చేసుకోండి. రేపు మీలో ఎవరైనా ఒకరు నోరు విప్పితే తక్కినవారు ఆయన్ను ఒంటరిని చేయకూడదు. అందుకే ఈ లేఖ ఒక్క పీఠానికి కాకుండా సమాఖ్యకు రాస్తున్నాను.

ఆయన మరణం గురించి మీకు తెలిసినదే, అయినా క్రమం ముఖ్యం. 1980 ఫిబ్రవరి 17న ఆయన అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు రాసిన లేఖను ఆదివారం పూజలో ప్రజల ముందు చదివి వినిపించారు. మా దేశ సైన్యానికి ఆయుధ సాయం ఆపండి, అది ఇక్కడి ప్రజల మీద అణచివేతను పెంచుతుందన్నది దాని సారం. ఐదేళ్ల కిందట అధ్యక్షుడికి రహస్యంగా రాసిన మనిషే ఈసారి బహిరంగంగా రాశారు. సాయం ఆగలేదు. మార్చి 23 ప్రసంగంలో సైనికులను ఉద్దేశించి, మీ సొంత రైతుకూలీ సోదరులనే చంపుతున్నారు, దేవుని ఆజ్ఞకు విరుద్ధమైన ఉత్తర్వును పాటించనక్కరలేదన్నారు. మర్నాడు సాయంత్రం, పేద క్యాన్సర్ రోగుల కోసం మఠకన్యలు నడిపే ఆసుపత్రి ప్రార్థనాలయంలో పూజ చేస్తుండగా ఒకే ఒక్క తూటా. ఆయన నివాసం కూడా ఆ ఆసుపత్రి ఆవరణలోనే. మార్చి 30, మట్టలాదివారం నాడు జరిగిన అంత్యక్రియల్లో బాంబులు, కాల్పులు, మరిన్ని మరణాలు. ఆ తర్వాత పన్నెండేళ్ల అంతర్యుద్ధంలో 75 వేల మంది దాకా పోయారు. హత్యకు ఆదేశమిచ్చింది మాజీ సైనికాధికారి రొబెర్తో దొబిస్సోన్ అని 1993లో ఐక్యరాజ్య సమితి సత్యశోధన సంఘం తేల్చింది. అప్పటికే అతను చనిపోయాడు. నివేదిక వచ్చిన కొద్దిరోజులకే చేసిన క్షమాభిక్ష చట్టం 2016 దాకా మిగతావారిని కాపాడింది.

ఆయన కార్యాలయానికి ఏమైందో కూడా చెప్పాలి. ఆయన తర్వాత అగ్రపీఠాధిపతి అయిన రివేరా దమాస్ 1982లో ఆ పనిని తుతేలా లెగాల్ అనే పేరుతో కొత్తగా నిలబెట్టారు. ఎల్ మొసోతేలో వందలాదిమంది పల్లెవాసులను సైన్యం చంపిన 1981 నాటి ఘోరానికి రుజువులను ఓపికగా పోగుచేసింది ఆ కార్యాలయమే. మూడు దశాబ్దాల తర్వాత, 2013 సెప్టెంబరు 30న, అదే అగ్రపీఠం దాన్ని హఠాత్తుగా మూసేసింది. ఉద్యోగులు వచ్చేసరికి తాళాలు మారిపోయాయి. రెండేళ్లు కూడా తిరక్కుండా అదే నగరంలో రొమేరోకు ధన్యపట్టం ఇచ్చే పూజకు లక్షల జనం వచ్చారు. పటానికి దండ వేయడానికి, ఆయన నిలబెట్టిన పనికి తాళం వేయడానికి మధ్య వైరుధ్యమేమీ లేదన్నట్టుగా ఆ రెండూ ఒకే పీఠంలో జరిగాయి. అది మనకు దూరదేశపు వింత కథ అయితే బాగుండేది.

కాబట్టి నా విన్నపం వివరంగా ఇది. కార్యాలయాన్ని మేత్రాణుల నివాసంలో కాక జనం చెప్పులేసుకుని లోపలికి రాగలిగిన చోట పెట్టండి. హైదరాబాదులోనైతే సికింద్రాబాదు స్టేషనుకు నడిచి వెళ్లే దూరంలో ఉంటే ఊళ్ల నుంచి వచ్చేవారికి మేలు. మతం అడగకుండా అందరి ఫిర్యాదూ రాసుకోవాలి. ఒక న్యాయవాది, ఒక మఠకన్య, దళిత విశ్వాసుల నుంచి ఒకరు, అందులోనూ కనీసం ఒక స్త్రీ, నిర్ణయాలు తీసుకునే స్థానంలో ఉండాలి. దాన్ని మూసే అధికారం ఏ ఒక్కరి సంతకానికీ దక్కకుండా నియమావళి రాయాలి. ఖర్చు మన పెద్ద బడుల ఆదాయంలో కొద్దిభాగం నుంచి రావాలి తప్ప విదేశీ విరాళాల మీద ఆధారపడకూడదు, ఎందుకో ఈ రోజుల్లో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆదివారం చదివే సంగతులు రెండు మూడు నిమిషాలకు మించనక్కరలేదు, పేరు, ఊరు, జరిగినది, కేసు ఏ దశలో ఉందన్నది. రామంతాపూర్ గురువిద్యాలయంలో చదివే భావి గురువులు ఏడాదికి ఒక నెల ఈ కార్యాలయంలో కూర్చుని వాంగ్మూలాలు రాసుకోవడం నేర్చుకుంటే, వారి ప్రసంగాలు తమంతట తామే మారతాయని నా నమ్మకం.

నాతోపాటు వారానికి ఒక పూట ఫీజు లేకుండా కూర్చోవడానికి ఒప్పుకున్న వకీళ్లు కొందరున్నారు, వారిలో కతోలికులు కానివారూ ఉన్నారు. సమాఖ్య తదుపరి సమావేశం ఎజెండాలో ఈ విషయం చేర్చి, ఔననో కాదనో, కాదంటే ఎందుకు కాదో, ఈ లేఖలాగే బహిరంగంగా జవాబివ్వండి.

ఇట్లు,
హైదరాబాదు అగ్రపీఠ విశ్వాసి, న్యాయవాది